జమ్మలమడుగు మంత్రసానుల బడి

రాజ్యలక్ష్మమ్మ నాకు పులివెందులలో పాఠం చెప్పింది. జమ్మలమడుగులో ఆమె గడిపిన రోజుల సంగతులు కొన్ని ఆమె నోటనే విన్నాను. మిగిలినవి మాబున్ని అవ్వ చెప్పింది. ఇద్దరి మాటలూ ఎక్కడా తేడా రాలేదు, ఒక్క చోట తప్ప. ఆ రోజు ముందు ఎవరు ఏడ్చారన్నది మాత్రం ఇద్దరూ వేరువేరుగా చెప్పేవాళ్ళు. నువ్వే అని ఆమె, కాదు నువ్వేనని ఈమె.

రాజ్యలక్ష్మమ్మ పుట్టింది ప్రొద్దుటూరులో. తండ్రి వేదవ్యాస, బడిపంతులు. పదహారో ఏట ఆమెను జమ్మలమడుగు తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న జనార్దనానికి ఇచ్చి చేశారు. ఎనిమిదేళ్ళయినా పిల్లలు కలగలేదు. ఇంట్లో ఊరికే కూర్చుని ఎదురుచూడడం ఆమెకు చేతకాలేదు. నర్సు చదువు చదువుతానని భర్తను అడిగింది. వీధిలోవాళ్ళు, చుట్టాలు అందరూ వద్దన్నారు. ఆ మైల పని మనింటి ఆడదానికి ఏం ఖర్మ అన్నారు. జనార్దనం ఎవరితోనూ వాదించలేదు. ఒకరోజు పొద్దున్నే భార్య ట్రంకుపెట్టె జట్కాలో పెట్టి, ముద్దనూరు స్టేషనుకు తీసుకుపోయి, మద్రాసు రైలెక్కించి వచ్చాడు. మరుసటి రోజు కచేరీలో ఎవరో ఎగతాళిగా అడిగితే, మా ఇంట్లో నాకంటే తెలివైన మనిషి ఆమేనని చెప్పి ఫైళ్ళు చూసుకున్నాడట.

చదువు పూర్తి చేసి వచ్చి ఆమె చాలా ఏళ్ళు కాన్పుల వార్డుల్లోనే పనిచేసింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకు, అంటే యాభై అయిదులో, పల్లెల్లో పురుళ్ళు పోసే మంత్రసానులకు శిక్షణ ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల భారం రాజ్యలక్ష్మమ్మ మీద పెట్టారు. వారానికి రెండు రోజులు, సోమ మంగళవారాలు, ఆరు నెలలపాటు. చివరలో ఒక్కొక్కరికి కత్తెర, దారం, సబ్బు ఉన్న అల్యూమినియం పెట్టె ఇవ్వాలి. పాఠాల పుస్తకం కూడా పంపించారు.

బడికోసం ఊళ్ళో కాలవ వీధిలో ఒక పాత మిద్దె అద్దెకు తీసుకున్నారు. పన్నెండు మంది వచ్చారు. పెద్దముడియం, కొండాపురం వైపు పల్లెల నుంచి నడిచి కొందరు, బండ్లలో కొందరు. ఒక్కరికీ చదువు రాదు. అందరికంటే పెద్దది మాబున్ని. పెద్దముడియం దగ్గరి పల్లె ఆమెది. భర్త నబీ రసూల్ దూది ఏకేవాడు. అప్పటికి మాబున్నికి యాభై అయిదు దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, వెన్ను వంగకుండా ఉండేది. చేతులు మాత్రం ఒంటికి మించి పెద్దవి.

మొదటిరోజు రాజ్యలక్ష్మమ్మ తెల్లచీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి చదివింది. సూక్ష్మజీవులు అనేవి కంటికి కనిపించవని, అవి గాయాల గుండా శరీరంలో ప్రవేశిస్తాయని, అందువల్ల పరిశుభ్రత పాటించాలని. ఆడవాళ్ళు మర్యాదగా తల ఊపారు. మధ్యాహ్నానికి ఇద్దరు గోడకు ఆనుకుని నిద్రపోయారు. రెండో వారానికి పదిమంది వచ్చారు. నాలుగో వారానికి అయిదుగురు. ఆ అయిదుగురిలో మాబున్ని లేదు.

పై అధికారికి రాస్తే, హాజరు పట్టీ నింపి పాఠం చదివెయ్యమని జవాబు వచ్చింది. ఆమెకు అది మింగుడుపడలేదు. బుధవారం నాడు బండి కట్టించుకుని మాబున్ని ఇంటికే పోయింది. ఆమె గుమ్మంలో జొన్నలు చెరుగుతూ ఉంది. చాప పరిచి కూర్చోబెట్టింది. ఎందుకు రావడం లేదని రాజ్యలక్ష్మమ్మ అడిగింది.

మాబున్ని చేట కింద పెట్టింది. "నువ్వు మంచిదానివే నర్సమ్మా. కోపం చేసుకోవద్దు. నువ్వు చెప్పేదాంట్లో మేం యాడా లేము. మాకు ఏమీ తెలీదన్నట్టు మొదలుపెడతాండావు. నలభై ఏండ్లు ఈ చేతులు ఏం చేసినట్టు మరి?"

 ఆ కాసేపటికే ఊరి పెద్ద రైతు వనజమ్మ ఇంటినుంచి కబురు వచ్చింది. కోడలికి నొప్పులు మొదలయ్యాయట. మాబున్ని లేచింది. నేనూ రావచ్చా అని అడిగింది రాజ్యలక్ష్మమ్మ. చూడమ్మా, చూస్తే పోయిందేముందని మాబున్ని అన్నది.

ఆ మధ్యాహ్నం రాజ్యలక్ష్మమ్మ మూలన నిలబడి చూసింది. తొలిచూలు పిల్ల, భయంతో వణుకుతోంది. ఆస్పత్రిలో అయితే అరవొద్దని కసురుతారు. మాబున్ని ఆ పిల్ల వెనక కూర్చుని, నడుము తన మోకాళ్ళకు ఆనించుకుని, చెవిలో ఏదో మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందని తర్వాత అడిగితే, పోయిన ఏడు శనగ పంట ఎట్ల వచ్చిందని అడుగుతాంటినని చెప్పింది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టలేదు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోమంది. బిడ్డ తల కనపడినప్పుడు ఆ పెద్ద చేతులు ఎంత మెత్తగా కదిలాయంటే, రాజ్యలక్ష్మమ్మకు తన చేతులు మొరటుగా తోచాయి. తల్లికి ఒక్క చీలిక పడలేదు.

బిడ్డ ఏడ్చింది. మాబున్ని చూరులోంచి కొడవలి తీసింది. కొంగుతో ఒకసారి తుడిచింది. బొడ్డు కోసింది. పొయ్యిలో బూడిద తెచ్చి అద్దింది.

అట్లా కోయకూడదని చెప్పబోయింది రాజ్యలక్ష్మమ్మ. అయినా అప్పుడు అనలేదు. అక్కడ, ఆ ఇంటివాళ్ళందరి ముందర ఆమెను తప్పు పట్టే హక్కు తనకు లేదనిపించిందట. వాళ్ళు బయటికి వచ్చాక మాత్రం, మీ చేతుల మీద పోయిన బిడ్డలు ఉన్నారా అని అడిగింది. మాబున్ని నడుస్తూనే చెప్పింది, ఉన్నారని. పుట్టినప్పుడు బాగానే ఉంటారు, పాలు తాగుతారు. ఏడో రోజో ఎనిమిదో రోజో దవడ బిగుసుకుంటుంది, ఒళ్ళు విల్లులాగా వంగుతుంది. దాన్ని గాలి సోకడం అంటారు. నా కూతురు ఖమర్‌బీ తొలిచూలు మగబిడ్డ అట్లే పోయినాడు, నా చేతుల మీద పుట్టినోడే అంది. 

అది గాలి కాదని రాజ్యలక్ష్మమ్మకు తెలుసు. ధనుర్వాతం. కొడవలి నుంచో బూడిద నుంచో వచ్చినది. ఆ నిజం చెప్పాలంటే, నీ మనవణ్ణి నీ చేతులతో చంపుకున్నావని చెప్పినట్టే. బండిలో ఇంటికి వస్తూ దారి పొడుగునా అదే ఆలోచించిందట. పాఠం చెప్పకపోతే ఇంకా బిడ్డలు పోతారు. చెబితే ఈ మనిషి ఏమైపోతుంది?

తరువాతి వారం ఆమె కుర్చీ తీయించేసింది. తానూ చాప మీద కూర్చుంది. పుస్తకం అటక మీద పెట్టింది. ఒక్కొక్కరినీ అడిగింది, పోయినవారం ఎవరింట్లో కాన్పు చేశారు, ఏం జరిగింది, ఏం భయపడ్డారు అని. మొదట ఒకామె మొహమాటపడుతూ మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు. మాయ పడనప్పుడు ఏం చేస్తారు, బిడ్డ అడ్డంగా ఉంటే ఎట్లా తెలుసుకుంటారు అని ఆమె నిజంగానే తెలియనట్టు అడిగేది. కొన్ని ఆమెకు నిజంగానే తెలియవు. తెలిసినంతవరకూ వాళ్ళచేతనే చెప్పించింది. ప్రమాదమని తోచినచోట మాత్రం ఆపి, ఇట్లా చేస్తే ఏమవుతుందో ఆలోచిద్దామా అనేది. ఆ వారం అయిదుగురే. పైవారానికి పన్నెండు మందీ వచ్చారు. మాబున్ని ముందు వరసలో కూర్చుంది.

పాత చీరలతో వాళ్ళే బిడ్డబొమ్మ కుట్టారు. లోపల దూది నింపడానికి నబీ రసూల్ ఒక మూట పంపించాడు. గర్భసంచికి ఒక పెద్ద గుడ్డసంచి, దానికి మూతి. బొమ్మను తిరగేసి పెట్టి, చూడకుండా చెయ్యి పెట్టి తల ఎక్కడుందో చెప్పమనేది. ఒకరు నొప్పులు పడే తల్లిగా పడుకుంటే ఒకరు మంత్రసాని. తల్లిగా పడుకున్నామె అత్తను తిట్టడం మొదలుపెడితే అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. కాలవ వీధి నుంచి పోయేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళట, ఈ మిద్దెలో ఏం జరుగుతోందని.

చేతులు కడగడం నేర్పడానికి దీపం మసి నూనెలో కలిపి అరచేతులకు పూసింది. కళ్ళు మూసుకుని సబ్బుతో కడుక్కోమంది. కళ్ళు తెరిచి చూస్తే గోళ్ళ మూలల్లో, వేళ్ళ సందుల్లో నలుపు అట్లే ఉంది. ఇంతసేపు కడిగినామే అని ఆశ్చర్యపోయారు. ఎవరి చేతులు ముందు తెల్లబడతాయో అని పోటీ పెట్టుకున్నారు. అదంతా బాగానే జరిగింది. కానీ మసి కంటికి కనపడుతుంది. కనపడనిదాన్ని ఎట్లా చూపించాలి?

ఒక సాయంత్రం ఇంట్లో పాలు తోడు పెడుతూ ఉండగా ఆమెకు తోచింది. చెయ్యి అట్లే ఆగిపోయింది. జనార్దనం చూసి, ఏమిటని అడిగాడు. ఒక్క మజ్జిగ చుక్క ఇన్ని పాలను ఒక్క రాత్రిలో మార్చేస్తుంది గదా, ఆ చుక్కలో ఏముందో ఎవరికైనా కనపడిందా అని అడిగింది ఆమె. ఆయనకు ఏమీ అర్థం కాక, పాలు చల్లారిపోతున్నాయి చూసుకో అన్నాడట.

సోమవారం మూడు మట్టి ముంతల్లో కాచిన పాలు పోసింది. మజ్జిగలో వేలు ముంచి, ఆ వేలిని చీర కొంగుతో తుడిచి తుడిచి, అందరికీ చూపించింది, శుభ్రంగా ఉందా అని. ఉందన్నారు. ఆ వేలిని ఒక ముంతలో ముంచింది. మళ్ళీ మజ్జిగలో ముంచి, ఈసారి సబ్బుతో, కాచిన నీళ్ళతో బాగా కడిగి రెండో ముంతలో ముంచింది. మూడోది ముట్టలేదు. మూతలు పెట్టి పొయ్యి పక్కన ఉంచింది. మరుసటి రోజు పొద్దున తెరిచింది. మూడు ముంతల్లోనూ పెరుగు గట్టిగా తోడుకుని ఉంది.

ఆడవాళ్ళు నవ్వారు. రాజ్యలక్ష్మమ్మ మొహం చిన్నబోయింది. ఇంత ఆలోచించి పెట్టిన పాఠం ఇట్లా అయిందేమిటని ముంతలవైపే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు మాబున్ని ముంత ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఇవి పెరుగు ముంతలు గదమ్మా. ఎప్పటినుంచో పెరుగు పోస్తాండేవి. ఎంత కడిగినా తోడు వీటిలోనే ఉంటాది. మనకు కనపడదు. పాలు పోస్తే చాలు, పట్టుకుంటాది."

ఆ మాట అని ఆమె ముంత కింద పెట్టింది. తన చేతులవైపు చూసుకుంది.  రాజ్యలక్ష్మమ్మ చెప్పవలసిన పాఠం అంతా ఆమే చెప్పేసింది. ఇక మిగిలింది ఒక్క అడుగు. ఆ అడుగు ఆమె వేస్తోందని మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

పైవారం ఇత్తడి చెంబులు నీళ్ళలో కాచి, వాటిలో పాలు పోసి మళ్ళీ చేసింది. ఈసారి తుడిచిన వేలు పెట్టిన చెంబే తోడుకుంది. మిగతా రెండూ పాలుగానే ఉన్నాయి. అందరూ ముందుకు వంగి చూశారు. ఒకామె, తుడిస్తే పోదన్నమాట అంది. ఇంకొకామె, మరి మన కొడవళ్ళు అని సగంలో ఆగింది.  మాబున్ని లేచి, కొంగు సర్దుకుని, బయటికి నడిచింది.

ఆ తరువాతి వారం ఆమె రాలేదు. రెండో వారమూ రాలేదు. పెద్దముడియం వైపు నుంచి వచ్చే ఇంకొకామె చెప్పింది, మాబున్ని కాన్పులు మానేసిందని, ఎవరు పిలిచినా పోవడం లేదని, కొడవలి బావిలో పారేసిందని.

రాజ్యలక్ష్మమ్మ మళ్ళీ బండి కట్టించుకుంది. మాబున్ని ఇంట్లోనే ఉంది. ఏకిన దూది రాశి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేవలేదు, రమ్మనలేదు. రాజ్యలక్ష్మమ్మ పోయి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. అంతకుముందు ఆమె మాబున్నీ అని పేరు పెట్టి పిలిచేది, హాజరు పట్టీలో ఉన్నట్టు. ఆ రోజు మొదటిసారి అవ్వా అంది.

"అవ్వా, నీ తప్పు లేదని చెప్పడానికి రాలేదు నేను. ఒక సంగతి చెప్పాలని వచ్చినా. ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు."

ఆమె చెప్పింది ఇది. చదువు పూర్తయిన కొత్తలో ఆమె ఒక ఊరి ఆస్పత్రిలో పనిచేసేది. ఒకరోజు జ్వరాల వార్డులో ఒక రోగికి చీము పట్టిన పుండుకు కట్టు మార్చింది. అంతలో కాన్పు గదికి రమ్మని కేక వచ్చింది. పరిగెత్తింది. తొట్టిలో చేతులు ముంచి తీసింది, అంతే. సబ్బుతో కడగలేదు. కడగాలని తెలుసు, పరీక్షలో రాసింది కూడా. తొందరలో కడగలేదు. ఆ తల్లికి మూడోరోజు జ్వరం వచ్చింది. పదోరోజు చనిపోయింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఎందువల్లనో ఎవరికీ తెలియదు. ఆమెకు తెలుసు.

"నీకు ఎవురూ చెప్పలేదు అవ్వా. నాకు చెప్పినారు. చెప్పినాక కూడా చేసినా."

మాబున్ని అడిగింది, "ఆ తల్లి పేరేంది?"

"గోవిందమ్మ."

"మావోనికి పేరు పెట్టనే లేదు," అంది మాబున్ని. "తొమ్మిదో దినం పెడదామనుకుంటిమి."

ఇక్కడే ఇద్దరి మాటా కలవదు. ముందు ఎవరు ఏడ్చారో నాకు తెలియదు. ఇద్దరూ ఏడ్చారన్నది మాత్రం నిజం. నబీ రసూల్ వాకిట్లోంచి తొంగి చూసి, వెనక్కి పోయి, వాళ్ళిద్దరికీ నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టి పోయాడట. రాజ్యలక్ష్మమ్మ ఆ చెంబు ఎత్తి తాగింది. రాజ్యలక్ష్మమ్మ ఉండే వీధిలో ఎవరూ చేయని పని అది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అవ్వే చెప్పింది.

ఆమె బయల్దేరేముందు మాబున్ని ఒకటే అడిగింది, ఇది నా బిడ్డకు చెప్పల్లనా అని. రాజ్యలక్ష్మమ్మ చెప్పమనలేదు, వద్దనలేదు. పోదామంటే నేనూ వస్తానంది.

ఖమర్‌బీ ప్రొద్దుటూరులో ఉండేది. భర్త వలి బాషా మగ్గం నేసేవాడు. ఆమెకు మళ్ళీ అయిదో నెల. ఈసారి కాన్పుకు పుట్టింటికి పంపేది లేదని అత్త ఎప్పుడో చెప్పేసింది, మీ అమ్మ చెయ్యి మంచిది కాదని. ఇద్దరు ఆడవాళ్ళూ బస్సులో పోయారు. ఖమర్‌బీ రాట్నం మీద నూలు కండెలు చుడుతూ ఉంది. మాబున్ని బిడ్డ ఎదుట కూర్చుని, తోడు సంగతి, ముంత సంగతి, కొడవలి సంగతి అంతా చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా తనను వెనకేసుకుని రాలేదు. ఖమర్‌బీ చేతిలో రాట్నం ఆగింది. లేచి ఇద్దరికీ అన్నం పెట్టింది. వాళ్ళు బయల్దేరినప్పుడు వాకిలిదాకా రాలేదు.

తిరుగు బస్సులో మాబున్ని, బిడ్డ నాకు ఇంక లేనట్టే అంది. రాజ్యలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. చెప్పించి తప్పు చేశానేమో అనుకుంటూ జమ్మలమడుగుదాకా వచ్చింది.

అయినా సోమవారం మాబున్ని బడికి వచ్చింది. వచ్చి, చాప మీద కాకుండా అందరికీ ఎదురుగా కూర్చుంది. ప్రొద్దుటూరులో బిడ్డకు చెప్పినదంతా ఆ పదకొండుమందికీ చెప్పింది.  ఆమె చెప్పడం అయిపోయాక కొండాపురం వైపు నుంచి వచ్చే ఒకామె తన చేతుల మీద పోయినవాళ్ళు నలుగురని చెప్పింది. ఇంకొకామె ఇద్దరని. అట్లా ఒక్కొక్కరూ. సూక్ష్మజీవి అనే మాట ఆ బడిలో మళ్ళీ ఎవరూ వాడలేదు. మంచి తోడు, చెడ్డ తోడు అనేవాళ్ళు. కొడవలి వదిలేసి కత్తెర పట్టుకున్నారు. దాన్ని దారంతో పాటు గలగలమని మరిగే నీళ్ళలో, శనగలు ఉడికినంతసేపు ఉంచాలని వాళ్ళే లెక్క పెట్టుకున్నారు. బూడిద మానేశారు.

ప్రతివాళ్ళకూ రాజ్యలక్ష్మమ్మ రెండు గుడ్డసంచులు కుట్టి ఇచ్చింది. బిడ్డ పుడితే ఒక చింతగింజ మొదటి సంచిలో వేయాలి. పది రోజుల్లోపల బిడ్డ పోతే రెండోదాంట్లో ఒక గురివింద గింజ. అక్షరం రానివాళ్ళ లెక్క అది. బడి ముగిశాక కూడా నెలకొకసారి అందరూ సంచులు చాప మీద కుమ్మరించేవాళ్ళు. గురివింద గింజ కనపడితే తిట్టడం లేదు, దాచడం లేదు. ఏం జరిగిందని అందరూ కలిసి అడిగేవాళ్ళు.

అప్పుడే తనిఖీకి ఒక సూపర్వైజరమ్మ వచ్చింది. చెంబులు, మసి, గుడ్డబొమ్మ, గింజల సంచులు చూసింది. పుస్తకం ఏదని అడిగితే అటక మీది నుంచి తీసి చూపించారు. పాఠ్యక్రమం పాటించడం లేదని రాసి పోయింది. రాజ్యలక్ష్మమ్మ జవాబుగా ఏమీ వాదించలేదు. ఏడాది తిరిగాక గింజలు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి పంపింది. నూట నలభై మూడు చింతగింజలు, నాలుగు గురివింద గింజలు. అంతకుముందు ఏడు ఆ పన్నెండుమంది చేతుల మీద పోయినవాళ్ళు, వాళ్ళకు గుర్తున్నంతవరకే, పంతొమ్మిది మంది.

ఈలోపల, ఖమర్‌బీకి ఎనిమిదో నెల పడినప్పుడు, వలి బాషా మాబున్ని పల్లెకు వచ్చాడు. అత్తగారి వాకిట్లో నిలబడి, తన భార్య చెప్పిన మాట చెప్పినట్టే అప్పగించాడు. "నా కానుపుకు మాయమ్మే రావల్ల. కొడవలి మాత్రం తేవొద్దని చెప్పు."

ఆ కాన్పు ప్రొద్దుటూరులో ఒక శుక్రవారం పట్టపగలు జరిగింది. రాజ్యలక్ష్మమ్మ కూడా పోయింది, కానీ చెయ్యి వేయలేదు. నీళ్ళు మరిగించే పనే చేసింది. మాబున్ని మూడుసార్లు చేతులు కడుక్కుంది. నాలుగోసారి కడగబోతే ఖమర్‌బీ నొప్పుల మధ్యనే, చాల్లేమా, తోలు ఊడిపోతాదని కసిరిందట. ఆడపిల్ల పుట్టింది. మరిగే నీళ్ళలోంచి తీసిన కత్తెరతో మాబున్ని బొడ్డు కోసింది.  పదిరోజులూ ఆమె ప్రొద్దుటూరు వదల్లేదు. ఎనిమిదోరోజు పొద్దున్నించి సాయంత్రందాకా బిడ్డను ఒడిలోంచి దించలేదు. ఆవులిస్తే భయం, ఏడిస్తే భయం. పదకొండోరోజు బిడ్డ తల్లి రొమ్ము గట్టిగా పట్టుకుని పాలు తాగుతుంటే చూసి, బయటికి వచ్చి, మగ్గం గుంత పక్కన కూర్చుని నిద్రపోయింది. ఖమర్‌బీ లేపనివ్వలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత, అరవైలో, రాజ్యలక్ష్మమ్మను పులివెందులకు మార్చారు. ఆ గింజల కాగితం ఎవరో పెద్ద డాక్టరు చదివారట. అక్కడ ఎనిమిదో తరగతి పాసయిన ఆడపిల్లలకు నర్సు పని నేర్పాలి. లింగాల నుంచి వచ్చిన నేను ఆ రెండో బ్యాచిలో ఒకదాన్ని. మాకు పుస్తకాలు ఉన్నాయి, బల్లలు ఉన్నాయి, నల్లబల్ల ఉంది. మంత్రసానులంటే మాకు చిన్నచూపు కూడా ఉంది. ఒకరోజు రాజ్యలక్ష్మమ్మ ఒక ముసలామెను వెంటబెట్టుకుని వచ్చింది. ఈమె మీకు పదిరోజులు పాఠం చెబుతుందంది. మేం ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నాం. ఆ నవ్వు పావుగంట కూడా నిలవలేదు.

మాబున్ని అవ్వ మాకు తన మనవడి సంగతితోనే మొదలుపెట్టింది. తరువాత మా చేతులు ఒక్కొక్కరివీ పట్టుకుని చూసింది. నా గోళ్ళు చూసి కత్తెర తెప్పించి తానే కత్తిరించింది. భయపడిన తల్లితో ఏం మాట్లాడాలో నేర్పింది, పంట సంగతి, ఆవు ఈనిన సంగతి, ఏదైనా సరే, కానీ మాట ఆపకూడదని. ఆ తరువాతి బ్యాచిలకూ ఆమె వచ్చేది. ఆఫీసు పట్టీలో ఆమెను ఆయా అని రాశారు. అక్షరం రానిదాన్ని ఉపాధ్యాయురాలని రాయడానికి నిబంధన లేదన్నారు. రాజ్యలక్ష్మమ్మ మూడుసార్లు ఉత్తరం రాసింది. మార్చలేదు. అవ్వకు చెబితే, ఏందిలేమ్మా, పిల్లోళ్ళు అవ్వా అంటాండారు, అది చాలంది.

అరవై అయిదు నాటికి అవ్వ కళ్ళు పూర్తిగా మందగించాయి. పులివెందులకు రావడం ఆగిపోయింది. నేను అప్పటికి లింగాలలో పనిచేస్తూ ఉన్నాను. సెలవు పెట్టి ఒకసారి రాజ్యలక్ష్మమ్మతో పాటు ఆమెను చూడడానికి ప్రొద్దుటూరు పోయాను. నబీ రసూల్ పోయాక అవ్వ ఖమర్‌బీ దగ్గరే ఉంటోంది. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. లోపల మగ్గం చప్పుడు. మేం వచ్చామని చెబితే చేతులు చాచింది. రాజ్యలక్ష్మమ్మ ఆ చేతుల్లో తన చేతులు పెట్టి పక్కన కూర్చుంది.

అవ్వ ఆ వేళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసింది. అరచెయ్యి, మణికట్టు, వేళ్ళ సందులు.

"ఏందిట్ల ఎండిపోయినాయి? సబ్బుతో రుద్ది రుద్ది పగుల్లు పట్టినాయి గదా. ఎవురూ చూసేవోళ్ళు ల్యారా నిన్ను?"

ఆయన చూస్తాడు అవ్వా అంది రాజ్యలక్ష్మమ్మ. ఆయనకేం తెలుసులే అంటూ అవ్వ ఖమర్‌బీని కేకేసి శనగనూనె తెప్పించింది. కొంచెం కొంచెంగా అరచేతిలో పోసుకుని, ఆ చేతులకు నెమ్మదిగా రాయసాగింది. రాజ్యలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. బస్సుకు వేళవుతోందని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆ పూట బస్సు తప్పిపోయి, రాత్రికి ఖమర్‌బీ ఇంట్లోనే ఉండిపోయాం.